జ్వరం కంటే ముందు ప్రయాణం అడుగు

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

టెక్కలిలో క్యాజువాలిటీ నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఎబోలా, లస్సా వంటి రక్తస్రావ జ్వరాలు విదేశం నుంచి వస్తే ఏమి చేయాలని అడిగావు. ఉద్దానం నుంచి పొట్ట చేత పట్టుకొని దేశాలు పోయేవారు ఎందరో ఉన్నారు గనుక ఇది మనకు దూరపు సంగతి కాదు.

జ్వరంతో వచ్చినవారిని, గడిచిన 21 రోజులలో ఎక్కడ ఉన్నారో, రోగులకు సేవ చేశారో, శవాన్ని తాకారో ముందుగా అడుగు. 2014లో లైబీరియా నుంచి అమెరికాలోని డల్లాస్‌కు వచ్చిన మనిషిని మొదటిసారి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపివేశారు; మళ్లీ చేరినప్పుడు సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఎబోలా సోకింది. అంత దూరం ఎందుకు, 2011లో గుజరాత్‌లో ఇదే కోవకు చెందిన రక్తస్రావ జ్వరమైన క్రిమియన్ కాంగో జ్వరం రోగిని చూసిన డాక్టరు, నర్సు ఇద్దరూ చనిపోయారు.

అనుమానం కలగగానే రోగికి విడి గది, విడి మరుగుదొడ్డి చూపి, లోపలికి వెళ్లే ప్రతివారి పేరూ రాయించు. జిల్లాలో అంటురోగాలపై నిఘా ఉంచే సర్వెలెన్స్ అధికారికి కబురు చేశాకే, వారు చెప్పిన పద్ధతిలో మూడు పొరల ప్యాకింగ్‌తో నమూనా పంపాలి. మలేరియా పరీక్ష మానవద్దు, కానీ మలేరియా తేలినంత మాత్రాన రెండవ జబ్బు లేదని అనుకోవద్దు. వాడిన సూదికి మూత తిరిగి పెట్టే మన పాత అలవాటు ఇక్కడ ప్రాణాంతకం.

అసలు గండం పీపీఈ, అంటే గౌను, గ్లవ్స్, మాస్కు, కళ్లద్దాల వంటి రక్షణ దుస్తులు, విప్పేటప్పుడు ఉంది. మన ఉక్కపోతలో గంట గడిచేసరికి కళ్లలోకి చెమట కారుతుంది, చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది. అందుకే ఎదురుగా ఒకరు నిలబడి ఒక్కొక్క మెట్టూ చదివి చెప్పాలి, నీవు తొందరపడకుండా విప్పుతూ ప్రతి మెట్టుకూ చేతులు శుభ్రం చేసుకోవాలి. ఈ పని ఖాళీ రోజుల్లోనే పదిసార్లు సాధన చేయించు. నేను చేయించినప్పుడు సగం మంది కళ్లద్దాల దగ్గరే తడబడ్డారు.

నేలపై రక్తం పడితే గుడ్డ కప్పి, 0.5 శాతం క్లోరిన్ నీళ్లు పోసి, కాసేపు ఆగి తుడిపించు. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు సుమారు 17 గ్రాములు పడుతుంది. ఏ రోజుకారోజు కలపాలి.

రోగి చనిపోతే శవస్నానం చేయించనివ్వవద్దు, కుటుంబంతో నీవే స్వయంగా, మెత్తగా మాట్లాడు. సేవ చేసినవారందరి జ్వరం 21 రోజులు, రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాయించు. మొదటి వరుసలో నీ పేరు ఉండాలి.

నీ అత్త