ఎలక్ట్రిక్ కార్టు స్లాలమ్‌కి పేరిచ్చిన మా అమ్మలూకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నువ్వూ ఆ కాకినాడ అబ్బాయీ కలిసి ఎలక్ట్రిక్ కార్టు స్లాలమ్ సెలెక్షన్‌కి పేరిచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, వాడి గొంతులో సంతోషమూ ఉంది భయమూ ఉంది, నాకూ రెండూ ఉన్నాయి గానీ సంతోషమే ఎక్కువ. చెన్నైలోనూ హైదరాబాద్‌లోనూ ట్రాకుల మీద భద్రత చూసే మార్షల్‌గా, టైమ్ కీపర్‌గా ఇన్నేళ్ళు నిలబడి పిల్లల్ని చూసినవాణ్ణి, మన పాలకొల్లు పిల్ల ఆ హెల్మెట్ పెట్టుకుంటుందంటే నాకు తెలిసిందంతా చెప్పకుండా ఎలా ఊరుకుంటా. చదివాక ఆ అబ్బాయికి కూడా పంపు, ఇందులో సగం అతని కోసమే రాస్తున్నా.

ముందు మీరు దేనికి వెళ్తున్నారో బాగా తెలుసుకోండి. ప్రపంచమంతా మోటార్ స్పోర్ట్ చూసుకునే ఎఫ్ఐఏ వాళ్ళు 2019లో రోమ్ దగ్గర వాలెలుంగా సర్క్యూట్‌లో మోటార్‌స్పోర్ట్ గేమ్స్ అని మొదలెట్టారు, అందులో డ్రైవర్లు కంపెనీల తరఫున కాకుండా దేశాల తరఫున ఆడతారు, పతకాలిస్తారు. ఆ మొదటిసారే కార్టింగ్ స్లాలమ్ కూడా పెట్టారు, అంటే నేలకి దగ్గరగా ఉండే చిన్న రేసు బండిని కోన్ల మధ్యలోంచి నడిపే పోటీ, టీనేజ్ పిల్లలకి, ఒక అమ్మాయి ఒక అబ్బాయి కలిసి ఒక జట్టు, కార్టులు ఎలక్ట్రిక్‌వి. తర్వాత ఆ గేమ్స్ 2022లో ఫ్రాన్స్‌లో పాల్ రికార్ సర్క్యూట్‌కి, 2024లో స్పెయిన్‌లో వాలెన్సియాకి వెళ్ళాయి. మన దేశంలో మోటార్ స్పోర్ట్ అంతా చూసుకునేది ఎఫ్ఎంఎస్‌సీఐ అనే సంఘం, పోటీ లైసెన్సు దగ్గర్నించి జట్టు దాకా వాళ్ళ ద్వారానే వెళ్ళాలి. కాబట్టి ఎవరో ఏజెంటు వాట్సాప్‌లో ఫీజు అడిగితే మీ నాన్నని ఒక్క రూపాయి కూడా పంపొద్దని చెప్పు.

స్లాలమ్‌లో ఎవర్నీ ఓవర్‌టేక్ చెయ్యక్కర్లేదు. కోన్లు పెడతారు, వాటి మధ్యలోంచి చెప్పిన వరసలో వెళ్ళి రావాలి, గడియారంతోనే పోటీ. ఒక్కోసారి రెండు కోర్సులు పక్కపక్కన వేసి ఇద్దర్ని ఒకేసారి వదులుతారు, అప్పుడు కూడా పక్క కార్టు వైపు చూడకూడదు, నీ దారి నీది. కోన్ తగిలితే టైమ్ కలుపుతారు, గేటు, అంటే రెండు కోన్ల మధ్య దారి, వదిలేస్తే ఇంకా ఎక్కువ కలుపుతారు. ఎంత కలుపుతారన్నది పోటీ పోటీకి మారుద్ది కాబట్టి రూల్ బుక్ వచ్చిన రోజే ఇద్దరూ కూర్చుని పైకి చదువుకోండి. జర్మనీలో క్లబ్బులవాళ్ళు ఎప్పట్నించో పార్కింగ్ స్థలాల్లో పిల్లలకి కార్టు స్లాలమ్ పెడతారు, అక్కడ ఒక కోన్ తగిలితే 2 సెకన్లు. ఇప్పుడు లెక్క చూడు, ప్రతి మలుపులోనూ ప్రాణం పెట్టి నడిపి మొత్తం మీద అర సెకను మిగిల్చి చివర్లో ఒక్క కోన్ పడేస్తే సెకనున్నర వెనకబడ్డావు. పైగా ఆ నష్టం నీ ఒక్కదానిది కాదు, జట్టుది, ఆ అబ్బాయి ఎంత శుభ్రంగా నడిపినా నీ కోన్ అతని మీద కూడా పడుద్ది, అతని కోన్ నీ మీద పడుద్ది. నేను చెప్పదల్చుకున్నదంతా ఇక్కడే ఉంది, ఈ పోటీలో గెలిచేది ఇద్దరిలో వేగంగా ఉన్నవాళ్ళ వల్ల కాదు, వెనకబడ్డవాళ్ళు ఎంత దగ్గరికొచ్చారన్న దాని వల్ల. అందుకని ప్రాక్టీసు టైమ్ సగం సగం పంచుకోకండి, ఎవరికి ఏ మలుపు రావట్లేదో వాళ్ళకే ఆ మలుపు దగ్గర ఎక్కువ టైమ్ ఇవ్వండి, రెండోవాళ్ళు పక్కన నిలబడి చూసి చెప్పాలి.

బాబూ, ఈ ముక్క నీకు. మన ఊళ్ళల్లో ఎవరో ఒకరు అంటారు, అబ్బాయి ఉన్నాడుగా లాక్కొస్తాడులే, అమ్మాయి రూలు కోసం ఉందిలే అని. ఆ మాట నీ ముందు అంటే నవ్వి ఊరుకోవద్దు, కాదని చెప్పు. 1981లో ఇటలీలో సాన్ రెమో కార్ల ర్యాలీ గెలిచింది మిషెల్ మూటన్ అనే ఫ్రెంచ్ అమ్మాయి, వరల్డ్ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్ళకి అదే మొదటి గెలుపు, మరుసటేడు 1982లో ఆ చాంపియన్‌షిప్ మొత్తం మీద రెండో స్థానంలో నిలబడింది, మగవాళ్ళతోనే పోటీపడి. స్లాలమ్‌లో కావాల్సింది చూపు, ఓపిక, పాదం మీద అదుపు, ఈ మూడూ అమ్మాయిలకి తక్కువగా ఉండటం నేనెక్కడా చూళ్ళేదు. అమ్మలూ నువ్వు కూడా, అతను నాకంటే ముందునించి నడుపుతున్నాడని తగ్గి మాట్లాడకు, నీకు కనపడింది కనపడినట్టు చెప్పు.

ఇక కార్టు సంగతి, ఇది కొంచెం పెద్దగా రాస్తా, చాలామంది పిల్లలు కార్టు అంటే చిన్న కారు అనుకుని మోసపోతారు. కారుకి డిఫరెన్షియల్ ఉంటుంది, మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం జోరుగా తిరుగుతాయి. కార్టుకి అది ఉండదు, వెనక యాక్సిల్ ఒకటే గట్టి కడ్డీ, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి. మరి మలుపు ఎలా తిరుగుద్ది అంటే స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రాల అమరిక వల్ల లోపలివైపు వెనక చక్రం నేల మీద బరువు వదిలేస్తుంది, కొంచెం లేస్తుంది కూడా, అప్పుడు బండి తిరుగుద్ది. అందుకే బైకు మీద వంగినట్టు లోపలికి వంగకు, వంగితే ఆ లేవాల్సిన చక్రాన్ని నీ బరువుతో నువ్వే నొక్కేస్తావు, బండి తిరగనని మొరాయిస్తుంది. నిటారుగా కూర్చో, చేతులు గడియారంలో తొమ్మిదీ మూడూ దగ్గర పెట్టు, స్టీరింగు తిప్పేటప్పుడు ఎక్కడా చేతులు మార్చుకోకు. సీటు వదులుగా ఉంటే స్పాంజి ప్యాడ్ అడుగు, సీట్లో అటూ ఇటూ జారుతుంటే నిన్ను నువ్వు ఆపుకోడానికి స్టీరింగు పట్టుకుని వేలాడతావు, అప్పుడు చెయ్యి మెత్తగా పనిచెయ్యదు.

ఎలక్ట్రిక్ అవ్వడం వల్ల ఇంకో తేడా ఉంది. పెట్రోలు ఇంజన్‌కి జోరు అందుకోడానికి కాస్త టైమ్ పడుద్ది, మోటారు అలా కాదు, చక్రం ఆగి ఉన్నప్పుడే దాని పూర్తి లాగుడు శక్తి ఉంటుంది, పెడల్ మీద కాలు పడగానే తోసేస్తుంది. స్టీరింగు ఇంకా తిరిగి ఉండగా యాక్సిలేటర్ ఒక్కసారిగా తొక్కితే వెనక భాగం జారి పక్క కోన్ ఎగిరిపోద్ది. స్టీరింగు ఎంత తిన్నగా చేస్తావో పాదం అంతే దింపు, రెండూ కలిసి జరగాలి. చాలా కార్టుల్లో బ్రేకు వెనక యాక్సిల్‌కే ఉంటుంది, కాబట్టి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వేసెయ్యి, తిప్పుతూ వేస్తే గింగిరాలు తిరుగుద్ది. కొన్ని కార్టుల్లో రెండు పెడల్సూ ఒకేసారి తొక్కితే పవర్ కట్ అవుద్ది, కొన్నిట్లో యాక్సిలేటర్ వదలగానే మోటారే బ్రేకులా పట్టుకుంటుంది, వాళ్ళిచ్చే కార్టు ఏ రకమో మొదటి ప్రాక్టీసు రన్‌లోనే నెమ్మదిగా తెలుసుకోవాలి. ఇంజన్ మోత ఉండదు కాబట్టి చెవితో వేగం తెలియదనుకుంటారు గానీ తెలుస్తుంది, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు పెట్టారు కదా, ఆ వీడియోలు పెట్టి కళ్ళు మూసుకుని విను, టైర్ల చప్పుడు ఎలా మారుతుందో. టైరు సన్నగా మూలుగుతోందంటే బాగా పట్టుకుని ఉంది, గట్టిగా కీచుమంటోందంటే జారుతోంది, జారినంతసేపూ టైమ్ పోతున్నట్టే. చూసేవాళ్ళకి జారడం గొప్పగా కనపడుద్ది, చప్పట్లు కూడా కొడతారు, పట్టించుకోకు.

చూపు గురించి. నరసాపురం నించి సఖినేటిపల్లి వెళ్ళే పంటు సరంగుని చూసావుగా, ముందున్న నీళ్ళకేసి చూడడు, అవతలి రేవుకేసే చూస్తాడు, స్లాలమ్‌లో కన్ను అలాగే ఉండాలి. దాటుతున్న కోన్‌ని చూస్తే దాన్నే కొడతావు. దీన్ని నువ్వు దాటేలోపు నీ కన్ను తర్వాతి కోన్ దగ్గర, ఆలోచన దాని తర్వాతి కోన్ దగ్గర ఉండాలి. తిప్పడం కూడా కోన్ దగ్గరికొచ్చాక మొదలెడితే ఆలస్యమైపోయినట్టే, కోన్ రాకముందే బాగా తిప్పేసి, కోన్ పక్కకి వచ్చేసరికే బండి ముక్కు తర్వాతి దాని వైపు తిరిగి ఉండాలి. ఒక కోన్‌కి ఆలస్యమైతే రెండోదానికి ఇంకాస్త, మూడోదానికి ఇంకాస్త, ఐదోది పడిపోద్ది, అందరూ ఐదోదాన్ని తిడతారు గానీ తప్పు మొదటిదాని దగ్గరే జరిగింది. ఇంకోటి, కోన్లు ముందు చక్రం తగిలి పడేది తక్కువ, వెనక చక్రమో పక్క బంపరో తగిలి పడతాయి, ఎందుకంటే మలుపులో వెనక భాగం ముందు భాగం కంటే లోపల్నించి వస్తుంది. ముందు చక్రం దాటిందని సంబరపడి స్టీరింగు తిన్నగా చేసెయ్యకు, వెనకది కూడా దాటనీ.

ప్రాక్టీసుకి రోడ్డెక్కొద్దు, కాలవ గట్టు మీద కూడా వద్దు, నీకింకా రోడ్డు లైసెన్సు వయసు రాలేదు, కార్టు రోడ్డు బండీ కాదు. రైసు మిల్లు సిమెంటు కళ్ళం అయితే బావుంటుంది, ధాన్యం లేని రోజుల్లో ఖాళీగానే ఉంటుంది, నేను ఓనరుగారితో మాట్లాడతా. కోన్లు లేకపోతే లీటరు వాటర్ బాటిళ్ళలో సగానికి ఇసుక పోసి పెట్టండి, ఒక్కోదాని చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యండి, అసలు పోటీలో కూడా కోన్ గీత దాటి జరిగిందా లేదా అనే చూస్తారు. బాటిళ్ళ మధ్య దూరం ప్రతిసారీ మార్చండి, ఒకచోట కాస్త దగ్గరగా, ఒకచోట కాస్త దూరంగా, లేకపోతే చెయ్యి ఒకే లయకి అలవాటుపడిపోద్ది. కార్టు దొరకని రోజున సైకిలు మీద చెయ్యండి, చూపు అలవాటవ్వడానికి అది చాలు. భీమవరం వైపు ఇంజినీరింగ్ కుర్రాళ్ళు కాలేజీలో ఈ-కార్ట్‌లు కడుతుంటారు, వాళ్ళని మర్యాదగా అడిగితే పక్కనుండి నడపనిస్తారేమో కనుక్కుంటాను. హైదరాబాద్ ట్రాకుకి నెలలో ఒకసారైనా వెళ్ళాలి, ఆ ఖర్చు మీ నాన్న ఒక్కడే మొయ్యక్కర్లేదు, నేనున్నా.

కోర్సు నడిచి చూడనిచ్చినప్పుడు అందరూ ఫొటోలు దిగుతుంటారు, మీరు దిగొద్దు. ఒకసారి నడుస్తూ వరస చూడండి, రెండోసారి వంగి కార్టులో కూర్చున్నంత ఎత్తు నించి చూడండి, నిలబడి చూసినప్పుడు కనపడే గేటు కింద నించి కోన్ల గుంపులో కలిసిపోద్ది. తర్వాత పక్కకెళ్ళి కళ్ళు మూసుకుని ఒకరికొకరు కోర్సు పైకి చెప్పుకోండి, ఎక్కడ ఆగారో అక్కడికే మళ్ళీ వెళ్ళి నడవండి.

ఎవరు ముందు నడపాలన్నది కూడా ఆలోచించండి. వేగంగా నడిపేవాళ్ళని ముందు పంపుదాం అంటారు చాలామంది, నా మాట అడిగితే నిమ్మళంగా ఉండేవాళ్ళు ముందు వెళ్ళాలి, ఎందుకంటే వాళ్ళు తిరిగొచ్చి రెండోవాళ్ళకి పనికొచ్చే మాట చెప్పగలరు. జాగ్రత్తగా నడుపు, టెన్షన్ పడకు, ఇవి పనికొచ్చే మాటలు కావు. మూడో గేటు దగ్గర ఇసకుంది, చివరి మలుపుకి ఒక కోన్ ముందే బ్రేకు వెయ్యి, ఇలా చెప్పాలి, అదీ రెండు ముక్కలకి మించకుండా, హెల్మెట్ పెట్టుకున్న మనిషి బుర్రలో అంతకంటే పట్టదు. దీన్ని కూడా కళ్ళంలో ప్రాక్టీసు చెయ్యండి, ప్రతి రన్ తర్వాతా రెండే ముక్కలు. కోన్ పడేసి వచ్చినవాళ్ళని ఆ పది నిమిషాలూ ఏమీ అనకండి, సాయంత్రం కూర్చుని మాట్లాడుకోవచ్చు.

చలి సంగతి మీకు తట్టదు. ఆ గేమ్స్ మూడుసార్లూ అక్టోబరు ఆఖర్లోనో నవంబరు మొదట్లోనో వచ్చాయి, మనకి అప్పుడు తుపాను రోజులు, ఉక్కపోత, యూరప్‌లో పొద్దున్నే చలి. చల్లటి నేల మీద చల్లటి టైరు మొదటి మలుపుల్లో అస్సలు పట్టుకోదు, మన ఎండలో అలవాటైన వేగంతో మొదటి గేటుకి వెళ్తే తిన్నగా బయటికి పోతావు, పైగా స్లాలమ్ రన్ చిన్నది, టైరు వేడెక్కేలోపు అయిపోద్ది. అందుకే ఇక్కడ వానాకాలంలో తడి కళ్ళం మీద నెమ్మదిగా నడపడం నేర్చుకోండి, జారే నేల మీద చెయ్యి మెత్తబడుద్ది.

జుట్టు గురించి ఇది ప్రార్థన అనుకో, ఆజ్ఞ అనుకో. 2020లో హైదరాబాద్‌లో ఒక బీటెక్ అమ్మాయి సరదాగా కార్టు ఎక్కితే జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. జడ గట్టిగా ముడేసి, బాలక్లావా, అంటే తలకి తొడిగే గుడ్డ తొడుగు, కింద పెట్టి, పైన హెల్మెట్, ఒక్క పాయ కూడా బయట ఉండకూడదు. చున్నీ, వదులు చేతులు, గొలుసు ఏవీ వద్దు. స్టార్టు లైన్ దగ్గర ఆ అబ్బాయి నీ హెల్మెట్ పట్టీ చూడాలి, అతనిది నువ్వు చూడాలి, ప్రతిసారీ. ఆరెంజ్ రంగు కేబుళ్ళు కనపడితే చెయ్యి పెట్టొద్దు, అది హై వోల్టేజ్ గుర్తు.

పాస్‌పోర్టు ఇప్పుడే అప్లై చెయ్యండి, షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నించే ఇవ్వచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి, మైనర్లు కాబట్టి అమ్మానాన్నలిద్దరి సంతకాలూ కావాలి. తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది, రన్‌కి ముందు మాత్రం కడుపు నిండా తినకు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఎండెక్కకముందే కళ్ళం దగ్గరికి రండి, ఆ అబ్బాయిని శనివారం రాత్రికే మనింటికి వచ్చేయమను, మీ పెద్దమ్మ వండుతుంది. బాటిళ్ళూ ఇసకా నేను చూసుకుంటా, నువ్వు సుద్దముక్కలూ స్టాప్‌వాచీ తీసుకురా. హెల్మెట్ ఎవరినీ అప్పడక్కు, అడ్డంగా నుదుటి మీద నించి టేపుతో తల చుట్టుకొలత తీసి నాకు మెసేజ్ పెట్టు, నీ సైజుదే కొందాం.

పెదనాన్న