గురి పసుపు మీదికి రావట్లేదంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఆరేళ్లుగా విజయవాడలో ఆర్చరీ నేర్చుకుంటోంది, కాంపౌండ్ (కప్పీలున్న విల్లు) విభాగం. జాతీయ పోటీల్లో రెండు పతకాలు తెచ్చింది. నాలుగు నెలలుగా ఏమైందో, విల్లు లాగి నిలబడుతుంది గానీ గురి టార్గెట్ నడిమి పసుపు మీదికి రావట్లేదంటోంది. చుట్టూ ఉన్న ఎరుపు దగ్గరే ఆగిపోతుందట. ఒక్కోసారి తనకు తెలియకుండానే బాణం వదిలేస్తోంది. భుజం నొప్పంటే స్కాన్ తీయించాం, ఏమీ లేదన్నారు. కోచ్ గారేమో భయపడుతోంది, అంతే అంటున్నారు. రాత్రిళ్లు నిద్రపోదు. తెలిసిన డాక్టరు గుండెదడ తగ్గడానికి ప్రొప్రానలాల్ రాసి, పోటీ రోజు వేసుకోమన్నారు. విల్లు కోసం రెండున్నర లక్షలు అప్పు చేశాను. ఇది మానసిక జబ్బా? ఆట మాన్పించమంటారా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. ఇంకా వేయకపోతే వేయకండి. పరీక్షల భయానికీ స్టేజీ భయానికీ డాక్టర్లు మామూలుగా రాసే మందే అది. కానీ దాంతో గుండె నెమ్మదించి చెయ్యి నిలకడగా ఉంటుంది కాబట్టి ఆర్చరీ, షూటింగ్ ఆటల్లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని నిషేధించింది. పోటీ రోజునే కాదు, ప్రాక్టీసు రోజుల్లోనూ. రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. అమ్మాయి ఆర్చర్ అని డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించండి. అలాగని మనసుకు వాడే మందులన్నీ డోపింగ్ అనుకోకండి. డిప్రెషన్‌కి ఎక్కువగా రాసే ఫ్లూఆక్సెటిన్, ఎస్సిటాలోప్రామ్ నిషేధ జాబితాలో లేవు.

ఇక గురి. దీన్ని ఆర్చర్లు టార్గెట్ ప్యానిక్ అంటారు. పసుపు కనబడగానే వదలాలి అని వేల బాణాలతో నేర్చుకున్న మెదడు, తప్పుతుందేమోనన్న భయం పెరిగేసరికి తొందరపడి ముందే వదిలేస్తుంది, లేదంటే అసలు అక్కడికే పోనివ్వదు. నాకూ వచ్చింది, 19 ఏళ్లప్పుడు. నాది రికర్వ్, అంటే కప్పీలు లేని విల్లు. బాణం సరిపడా లాగామని టిక్కుమని చెప్పే క్లిక్కర్ మోగకముందే వేళ్లు జారిపోయేవి. ‘దీనికి గుండె లేదు’ అని మా కోచ్ పదిమందిలో అంటే నిజమేననుకున్నాను. ఏడాది పోయింది. చివరికి ఒక సీనియర్ అక్క నన్ను బాణాలు గుచ్చుకునే బట్రెస్ దిమ్మెకు మూడు మీటర్ల దూరంలో నిలబెట్టి, టార్గెట్ పేపర్ చింపేసి, కళ్లు మూసుకుని వెయ్యమంది. ఆరు వారాలు అదే పని. విసుగొచ్చి ఏడ్చాను కూడా. కానీ చూడటానికీ వదలడానికీ మధ్య పడిన ముడి అక్కడే విడిపోయింది. కాంపౌండ్ కాబట్టి, తాడును పట్టి వదిలే పరికరం, అదే రిలీజ్, వేలితో నొక్కేది కాకుండా వెన్ను బిగింపుతో దానంతటదే తెగే రిలీజ్ వాడి చూడమని మీ కోచ్‌ని అడగండి.

భయం అన్న కోచ్ మాట పూర్తిగా తప్పు కాదు, ‘అంతే’ అన్న మాటే తప్పు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కి వాల్ట్ మీద గాలిలో ఉండగా తన ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియకుండా పోయింది. టీం ఫైనల్ మధ్యలోనే తప్పుకుంది. పిరికిది అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. 2024లో పారిస్ వచ్చి మూడు స్వర్ణాలు పట్టుకెళ్లింది.

నిద్ర పట్టకపోవడం వేరే విషయం, నాకు గురికంటే అదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. తిండి తగ్గిందా? స్నేహితురాళ్లతో మాట్లాడుతోందా? పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. అలాంటిదేమీ లేకపోయినా, నిద్ర రెండు వారాలకు మించి పాడైతే ఒకసారి చూపించండి. పతకాలున్న పిల్లకి డిప్రెషన్ ఏమిటి అనుకోకండి. బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన షూటర్ అభినవ్ బింద్రా, ఆ తర్వాతే డిప్రెషన్‌లో పడ్డానని స్వయంగా చెప్పాడు.

మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఉత్తరంలో విల్లు ధర రాశారు, ఆ పిల్ల తన గురించి ఏమనుకుంటోందో ఎక్కడా లేదు. అప్పు మాట తన చెవిన పడే ఉంటుంది, మన ఇళ్లలో గోడలు పల్చన. పసుపు వైపు చూసినప్పుడల్లా అప్పు వాయిదా కనబడితే చెయ్యి ఎలా నిలుస్తుంది? మా నాన్న నేను చెప్పులు విప్పకముందే ‘ఎంత కొట్టావు?’ అనేవారు. ప్రేమతోనే. నాకు మాత్రం గుమ్మం ఎక్కాలంటేనే కడుపులో తిప్పేది.

ఆట మాన్పించకండి, పోటీలు ఆపండి. ఓ మూడు నెలలు ఇంట్లో ఎవరూ స్కోరు అడగొద్దు. తర్వాత వెళ్లాలా వద్దా అన్నది తనే చెబుతుంది. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి, మీకు చూపించకుండా పోస్టు చేయమనండి.