పదెకరాల స్థలానికి ఏ ఫోకస్ లైటు కొనాలి?

తమ్ముడూ, పదెకరాల స్థలంలో ఇల్లు తీసుకున్నావు. రాత్రిపూట కంచె దాకా కనిపించే చార్జింగ్ లైటు కావాలన్నావు. లక్ష ల్యూమెన్లని రాసి ఉన్నదొకటి చూసి పెట్టుకున్నానన్నావు. ముందు దాన్ని మర్చిపో. పెద్ద స్థలంలో కొత్తగా కాపురం పెట్టే మనవాళ్ళలో చాలామంది ఇదే వరసలో డబ్బు పోగొట్టుకుంటారు. మొదట పెద్ద అంకె చూసి ఒక చవక లైటు కొంటారు. అది కంచె దాకా పోదు. అంతకన్నా పెద్ద అంకె ఉన్న ఇంకో చవక లైటు తెస్తారు. అదీ పోదు. అప్పుడు గాని సరైనది కొనరు. మూడింటికి డబ్బు కట్టి వాడేది ఒక్కదాన్నే. ఆ మొదటి రెండింటి ఖర్చు నీకు మిగలాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ల్యూమెన్ అంటే లైటు నుంచి అన్ని దిక్కులకూ కలిపి బయటికొచ్చే మొత్తం వెలుతురు. కాండెలా అంటే అందులో ఒక దిక్కుకి ఎంత చిక్కగా పోతోందో చెప్పే లెక్క. గొట్టంలో వచ్చే నీళ్ళు అవే అయినా, మూతి వేలితో నొక్కితే చిమ్మే దూరం మారిపోతుంది చూడు, అదీ తేడా. 3,000 ల్యూమెన్ల లైటు ముంగిలంతా పట్టపగలు చేసి కూడా 150 మీటర్ల అవతల గేటు తీసుందో వేసుందో చూపించలేకపోవచ్చు. 1,000 ల్యూమెన్లదే అయినా, లోతుగా వెడల్పుగా ఉన్న నునుపైన రిఫ్లెక్టరు మధ్యలో చిన్న ఎల్‌ఈడీ ఉంటే, ఆ గేటు మీదే వెలుతురు వాలుతుంది. కంచె చూడ్డానికి నువ్వు కొనాల్సింది కాండెలా. అమ్మేవాళ్ళు పెద్దక్షరాల్లో వేసేది ల్యూమెన్లు.

నిజాయితీ గల తయారీదార్లు ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణం ప్రకారం కొలిచి కాండెలా, బీమ్ దూరం, నడిచే సమయం మూడూ పెట్టె మీద వేస్తారు. కాండెలా ఎక్కడా వెయ్యని లైటు జోలికి పోకు. ఇక ఆ బీమ్ దూరం ఎలా కడతారో తెలుసుకో. లక్స్ అంటే ఒక చోట మీద పడే వెలుతురుకి కొలత. వెలుతురు 0.25 లక్స్‌కి పడిపోయే చోటుని చివరి హద్దుగా తీసుకుంటారు. అంటే తేటగా ఉన్న పున్నమి రాత్రి వెన్నెలంత. ఆ వెన్నెల్లో ఏదో కదిలిందని తెలుస్తుంది, అది కుక్కో నక్కో తెలియదు. పోల్చుకునేంతగా కనిపించాలంటే పెట్టె మీది దూరంలో మూడో వంతునే నీ దూరంగా పెట్టుకో. అక్కడ వెలుతురు తొమ్మిది రెట్లు, అంటే 2.25 లక్స్ ఉంటుంది.

ఇప్పుడు నీ స్థలం లెక్క చేద్దాం. ఇంజనీరింగు చదివి వచ్చినవాడివే, వర్గమూలానికి భయపడవులే. కాండెలాకి వర్గమూలం తీసి రెండుతో గుణిస్తే మీటర్లలో బీమ్ దూరం వస్తుంది. 10,000 కాండెలాకి 200 మీటర్లు, 40,000కి 400, 2,50,000కి ఒక కిలోమీటరు. దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగు రెట్లు కావాలి, ధర కూడా పెరుగుతుంది. అందుకే అవసరానికి మించి కొనకూడదు. పదెకరాలు చదరంగా ఉంటే ఒక్కో భుజం దాదాపు 200 మీటర్లు. ఇల్లు సరిగ్గా మధ్యలో ఉంటే మూలకి 142 మీటర్లు. దానికి మూడు రెట్లు 430 మీటర్ల బీమ్ దూరం, అంటే సుమారు 46,000 కాండెలా. ఇల్లు రోడ్డు వైపు అంచున ఉంటే (ఎక్కువ ఇళ్ళు అక్కడే కడతారు) దూరపు మూలకి 225 మీటర్లు, లైటు 1,14,000 కాండెలా ఉండాలి. అదే పదెకరాలు, ఇల్లు పక్కకి జరిగితే రెండున్నర రెట్లు. కాబట్టి ముందు నీ వాకిట్లోంచి దూరపు కంచెకి ఎన్ని మీటర్లో ఫోన్ మ్యాప్‌లో కొలువు. మధ్యలో చెట్లుంటే వాటి అవతలికి ఏ లైటూ పోదు, ఆ దూరానికి డబ్బు పెట్టడం దండగ.

కిలోమీటరున్నర పోతుందని లేజరుతో ఫాస్ఫర్‌ని (కిరణం తగిలితే తెల్లగా వెలిగే పదార్థాన్ని) వెలిగించే లైట్లు కూడా అమ్ముతున్నారు. వాటి కిరణం రెండు డిగ్రీల వెడల్పు ఉందనుకో, 150 మీటర్ల దగ్గర పడే వెలుగు చుక్క అడ్డం 5 మీటర్లు. దాంతో కంచె వెతకడమంటే తాళంచెవి రంధ్రంలోంచి ఊరు చూడ్డమే. ఐదు డిగ్రీలైతే అదే దూరంలో 13 మీటర్లు, పది డిగ్రీలైతే 26 మీటర్లు. నీలాంటి స్థలానికి నడుమ చుక్క ఐదు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉండి, చుట్టూ పలచటి వెలుతురు ఉన్నది బాగుంటుంది. లెన్సు ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ లైట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గాని, కిరణం ఇరుకు చేసినప్పుడు సగానికి సగం వెలుతురు లోపలే ఆగిపోతుంది. ఆ జరిగే చోట నీళ్ళు దిగకుండా ఆపడమూ కష్టమే.

ఇక లక్ష ల్యూమెన్ల అబద్ధం ఎంతదో చూడు. ఇలాంటి లైట్లలో ఉండే సెల్లు 18650 లేదా 21700. మొదటిది 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు. రెండోది 21 మందం, 70 పొడవు. 18650లో నిజంగా పట్టేది సాధారణంగా 3,500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు, సెల్లులో పట్టే చార్జుకి కొలత) దాకానే. మంచి 21700లో సాధారణంగా 5,000. 18650 మీద 9,900 అని కనిపిస్తే ఆ ఒక్క అంకె చాలు, ఆ కంపెనీ వేసే మిగతా అంకెలు కూడా నమ్మనక్కర్లేదు. తూకం వేసినా దొరికిపోతుంది: అసలు 18650 బరువు 45–50 గ్రాములు, 21700 సుమారు 70 గ్రాములు. ముప్పై గ్రాములే తూగితే లోపల సరుకు లేదు.

వోల్టులని ఆంపియర్-అవర్లతో గుణిస్తే శక్తి వస్తుంది. 21700 ఒక్కటి 3.6 ఇంటూ 5, అంటే 18 వాట్-అవర్లు. ఎల్‌ఈడీ లైటు మొత్తం మీద వాటుకి 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే ఆ సెల్లులో ఉన్నది 1,800 ల్యూమెన్-గంటలు: 1,800 ల్యూమెన్లు గంటసేపు, లేదా 600 మూడు గంటలు. రెండు 18650 సెల్లులున్న నీ లక్ష ల్యూమెన్ల లైటులో మంచి సెల్లులే వేసినా 21–25 వాట్-అవర్లుంటాయి. లక్ష ల్యూమెన్లు నిజమైతే 1,000 వాట్లు లాగి నిమిషంన్నరలోపే ఆరిపోవాలి. రెండు సెల్లుల చిన్న లైటు 1,000 వాట్లు ఇవ్వనూ లేదు, ఆ వేడిని తట్టుకోనూ లేదు.

వేడి సంగతి మంచి లైట్లకీ వర్తిస్తుంది, ఇక్కడే రెండో మోసం. ఎఫ్‌ఎల్1 ప్రకారం ల్యూమెన్లు కొలిచేది లైటు వెలిగించిన అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లోపు. నడిచే సమయం లెక్కపెట్టేది వెలుతురు అందులో పదో వంతుకి పడేదాకా. అంటే 3,000 ల్యూమెన్లు, 3 గంటలు అని పెట్టె మీద ఉంటే, మూడు నిమిషాలు 3,000 ఇచ్చి, లైటు కాలి, తనంతట తానే 700కి దిగి మిగతా సమయమంతా అలాగే వెలగొచ్చు. రూలు ప్రకారం అది అబద్ధం కాదు. చేతిలో పట్టే చిన్న అల్యూమినియం లైటు సాధారణంగా నిలకడగా ఇవ్వగలిగేది 1,000 ల్యూమెన్ల దరిదాపుల్లోనే. నువ్వు చూడాల్సింది సమయాన్ని బట్టి వెలుతురు ఎలా దిగుతోందో చూపించే గీత. ఆ గీత చూపించని లైటుకి పై మెట్టు ల్యూమెన్ల కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

సెల్లు బయటికి తీసి మార్చుకునేలా ఉండాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. లిథియం సెల్లు సాధారణంగా 300–500 సార్లు నిండుగా చార్జయ్యేసరికి కొత్తలో ఉన్న సత్తువలో ఐదో వంతు పోగొట్టుకుంటుంది. లోపల బిగించేసిన రకమైతే సెల్లుతో పాటు లైటంతా చెత్తబుట్టకే. తీసేవాటిలోనూ చిన్న మెలిక ఉంది: కొన్ని కంపెనీలు ప్లస్సూ మైనస్సూ ఒకే కొసన ఉండే సొంత సెల్లు పెడతాయి, బయట దొరికే మామూలు సెల్లు అందులో పనిచెయ్యదు, వాళ్ళు చెప్పిన ధరకే కొనాలి. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు మామూలుదానికన్నా కొన్ని మిల్లీమీటర్లు పొడవుంటుంది, గొట్టంలో పడుతుందో లేదో ముందే చూసుకో. రెండు సెల్లులు ఒకదాని వెనక ఒకటి పెట్టే లైటైతే రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి, ఒకేలా చార్జైనవి ఉండాలి. పాతదీ కొత్తదీ కలిపితే బలహీనమైనది అడుగంటా ఖాళీ అయి వేడెక్కుతుంది, మంటలూ రావచ్చు.

చార్జింగ్ యూఎస్‌బీ-సీ ఉందంటే సరిపోదు. కొన్ని చవక లైట్లలో ఆ రంధ్రం వెనక ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు వెయ్యరు. అప్పుడు రెండు కొసలూ సీ ఉన్న కేబుల్‌తో పెడితే చార్జరు కరెంటే ఇవ్వదు. ఒక కొస పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది. లైటు పాడైందని పారెయ్యక ముందు కేబుల్ మార్చి చూడు. 5,000 ఎంఏహెచ్ సెల్లు ఒక ఆంపియర్‌తో ఆరు గంటలు, రెండు ఆంపియర్లతో మూడు గంటలు పడుతుంది. పక్కన బిళ్ళంత సోలార్ ప్యానెల్ అంటించిన రకానికి అదనంగా ఒక్క పైసా ఇవ్వకు. నడినెత్తి ఎండలో అది ఇచ్చేది పావు వాటు, 18 వాట్-అవర్లు నిండాలంటే 70 గంటల పైన ఎండ కావాలి. పైగా ఎండలో కూర్చోబెడితే సెల్లు ఆయువే తగ్గుతుంది.

నువ్వున్నచోట చలికాలం గడ్డకడుతుంటే లైటు షెడ్డులో వదిలెయ్యకు. సున్నా డిగ్రీల కింద లిథియం సెల్లు వెలగడానికి పనికొస్తుంది, కాస్త తక్కువసేపు. కాని ఆ చలిలో చార్జింగ్ పెడితే లోపల లిథియం పొరలా పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జరుకి తగిలించు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జుతో ఉంచు, వెనక మూత పావు చుట్టు వదులు చేసి పెట్టు. స్విచ్చి లాగే చిన్న కరెంటు ఆగిపోతుంది, జేబులో పొరపాటున వెలిగి గుడ్డ కాలే ప్రమాదమూ తప్పుతుంది. నీళ్ళని ఎంత ఆపుతుందో చెప్పేది ఐపీఎక్స్ అంకె: వానకి ఐపీఎక్స్4 కనీసం, బురదనీళ్ళలో పడే అవకాశం ఉంటే ఐపీఎక్స్7. మర చుట్టూ నీళ్ళు దిగకుండా ఉండే రబ్బరు ఓ-రింగుకి ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు రాస్తే చాలు. పాత పద్ధతి లెడ్-యాసిడ్ బ్యాటరీల పెద్ద తుపాకీ పిడి లైట్లు చవగ్గా కనిపిస్తాయి. ఖాళీగా రెండు మూడు నెలలు పడుంటే వాటి బ్యాటరీ ఇక లేవదు, అందుకే అంత చవక.

వాడేటప్పుడు లైటు కంటి పక్కన పట్టుకోకు, నడుము దగ్గర పట్టుకో. మంచులో, దుమ్ములో కిరణం మీదనుంచి తిరిగొచ్చే వెలుతురు కళ్ళలో తక్కువ పడుతుంది. జింకలు, కుక్కలు, పశువుల కళ్ళు దూరం నుంచే మెరుస్తాయి. పంది కన్ను మాత్రం అలా మెరవదు, కాబట్టి మెరుపు లేదని అక్కడేమీ లేదనుకోకు. ఇంటి చుట్టూ నడవడానికి దీన్ని వాడకు, 200 ల్యూమెన్ల తల లైటొకటి విడిగా పెట్టుకో, ధర తక్కువ. అడవి జంతువుల మీద, రోడ్డు మీద, విమానాల మీద లైటు వెయ్యడం గురించి అక్కడి చట్టాలు, విడి సెల్లులు విమానంలో చేతి సంచిలోనే పెట్టాలన్న నిబంధన నువ్వే చూసుకోగలవు.

మొత్తానికి ఇల్లు అంచున ఉంటే 1,10,000–1,20,000 కాండెలా, 1,000–2,000 ల్యూమెన్లు, మార్చుకునే 21700 సెల్లు ఒకటి, ఐపీఎక్స్7 ఉన్నది తీసుకో. మధ్యలో ఉంటే 50,000 కాండెలాతో సరిపెట్టి మిగిలిన డబ్బుతో రెండో సెల్లు కొను. లైటు ఇంటికొచ్చిన రోజే నిండుగా చార్జ్ చేసి, చీకటి పడ్డాక గోడకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో నిలబెట్టి, చుక్క నడుమ ఫోన్ పెట్టి లక్స్ కొలిచే యాప్‌తో చూడు. వచ్చిన అంకెని 100తో గుణిస్తే కాండెలా. 1,10,000 అన్న లైటుకి 1,100 లక్స్ రావాలి. ఫోన్ల కొలత అటూ ఇటూ పోతుంది కాబట్టి 800 వచ్చినా సర్దుకో. 500 కూడా రాకపోతే తిప్పి పంపెయ్. అప్పటిదాకా పెట్టె చింపకు, బిల్లు పారెయ్యకు.