గ్లోబల్ టైమ్స్ అరిస్తే చైనా అరిచినట్టేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అమెరికాలాంటి పెద్ద దేశాల గురించీ, ఇరుగుపొరుగు గురించీ చైనా పత్రికలు ఏమని రాస్తాయి? మన టీవీల్లో చూపించే చైనా పత్రిక గ్లోబల్ టైమ్స్ మాటే చైనా మాటా? రెండోదానికి జవాబు తేలిక. కాదు.

నేను 2013 నుంచి 2019 దాకా వుహాన్‌లో ఎంబీబీఎస్ చదివాను. వార్డులో పేషెంట్లతో మాట్లాడాలంటే చైనీస్ తప్పదు. మా హాస్టల్ దగ్గర గాజు తలుపుల బోర్డు ఒకటుండేది, అందులో రోజూ చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ పేజీలు పెట్టేవాళ్లు. పొద్దున్నే రెగన్‌మియెన్ గిన్నె (నువ్వుల ముద్ద కలిపిన వేడి నూడుల్స్, వుహాన్ వాళ్లకి మన ఇడ్లీ లెక్క) చేత్తో పట్టుకుని అక్కడ నిలబడి అక్షరాలు కూడబలుక్కునేవాణ్ణి. రిటైరైన ఒక తాతగారు రోజూ వచ్చేవారు. నా ఉచ్చారణ భరించలేక దిద్దడం మొదలుపెట్టి, చివరికి పత్రిక ఎలా చదవాలో నేర్పారు.

ఆయన మొదటి పాఠం: ఏం రాశారన్నది తర్వాత, ముందు సంతకం చూడు. విదేశీ వ్యవహారాల మీద పీపుల్స్ డైలీలో 'ఝోంగ్ షెంగ్' పేరుతో వ్యాసాలు వస్తాయి. ఆ పేరుగల మనిషెవరూ లేరు. గంట మోత అని అర్థం, పలికితే 'చైనా గొంతు' అన్నట్టు కూడా వినిపిస్తుంది. అది పార్టీ పత్రిక ఆచితూచి అన్న మాట. గ్లోబల్ టైమ్స్ కూడా పీపుల్స్ డైలీ గొడుగు కిందదే, కాకపోతే నోరు పెద్దది. దాని ఇంగ్లిష్ ఎడిషన్ 2009లో మొదలైంది, మనలాంటి బయటివాళ్ల కోసం. 2017లో భూటాన్ దగ్గర డోక్లాం సరిహద్దు గొడవప్పుడు చైనా ప్రభుత్వ వార్తా సంస్థ షిన్హువా వాళ్లు ఒకాయనకి తలపాగా, పెట్టుడు గడ్డం తగిలించి 'ఇండియా ఏడు పాపాలు' అని వీడియో తీశారు కదా, అదీ ఇంగ్లిష్‌లోనే. మన చానళ్లు దాన్ని తెగ తిప్పాయి. నాతో ఉన్న చైనా కుర్రాళ్లకి మాత్రం నేను చూపిస్తేనే తెలిసింది.

ఇక పెద్ద దేశాలు. నేను వెళ్లిన ఏడాది జూన్‌లో షీ జిన్‌పింగ్ కాలిఫోర్నియా సన్నీల్యాండ్స్‌లో ఒబామాని కలిశారు. ఆ తర్వాత ఎక్కడ చూసినా 'కొత్త తరహా పెద్ద దేశాల సంబంధం' అన్న మాటే: కొట్లాడుకోవద్దు, ఒకరినొకరు గౌరవించుకుందాం, ఇద్దరం బాగుపడదాం. ఆ మాట ఒప్పుకుంటే చైనాని సాటిగా ఒప్పుకున్నట్టేనని కాబోలు, అమెరికా వాళ్లు మెల్లగా మానేశారు. 2018లో టారిఫ్‌ల గొడవ మొదలయ్యాక కూడా చైనా పత్రికలు కొన్నిసార్లు అమెరికా పేరెత్తకుండా 'ఫలానా దేశం' అని రాసేవి. పేరెత్తలేదంటే తలుపు మూశారు గానీ గడియ పెట్టలేదని తాతగారి లెక్క.

2019 మే 29 బాగా గుర్తు. పీపుల్స్ డైలీలో రేర్ ఎర్త్ ఖనిజాల (మాగ్నెట్లలాంటి వాటికి వాడే లోహాలు) మీద వ్యాసం. ఆయన గాజు మీద వేలు పెట్టి ఒక మాట చూపించారు: 'ముందే చెప్పలేదనకండి.' ఇది ఊరికే వాడే మాట కాదట. 1962లో మనతో యుద్ధానికి ముందు వాడారు, 1978 చివర్లో వియత్నాంకి వినిపించారు. "ఈసారి తుపాకులు కాదు, మట్టి" అని నవ్వారాయన. ఆ మట్టి దెబ్బ గట్టిగా పడింది 2025 ఏప్రిల్‌లో, ఏడు రకాల రేర్ ఎర్త్‌ల ఎగుమతికి లైసెన్సు పెట్టినప్పుడు. మన కార్ల కంపెనీలు కూడా మాగ్నెట్లు దొరక్క తిప్పలు పడ్డాయి.

ప్రాంతీయ సహకారం అన్నప్పుడు వాళ్లకో పాత వరుస ఉంది: పెద్ద దేశాలు కీలకం, ఇరుగుపొరుగు ప్రథమం, వర్ధమాన దేశాలు పునాది, అంతర్జాతీయ వేదికలు రంగస్థలం. మనం మొదటి బల్ల మీద కూర్చున్నామనుకుంటాం. వాళ్ల పత్రికలు మాత్రం మనల్ని ఎక్కువగా రెండో, మూడో బల్లల మీదే కూర్చోబెడతాయి. నాకైతే గ్లోబల్ టైమ్స్ తిట్ల కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకునేది. షాంఘై సహకార సంస్థ, బ్రిక్స్ గురించి రాస్తే అంతా ఒక కుటుంబం. మనం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసిన క్వాడ్ అయితే 'చిన్న ముఠా'. 2018 మార్చిలో విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఆ క్వాడ్ వాళ్ల ఇండో-పసిఫిక్ ముచ్చటని సముద్రపు నురగతో పోల్చారు. ఆ మరుసటి నెలే మోదీ వుహాన్ వచ్చారు, ఈస్ట్ లేక్ ఒడ్డున షీతో నడిచారు. రెండు పక్షాల్లోనూ మనం ఉన్నాం కాబట్టి నెల తిరక్కుండానే మంచివాళ్లమూ అవుతాం, చెడ్డవాళ్లమూ అవుతాం.

అసలు చూడాల్సింది రాయనిది. అక్కడ సాయంత్రం ఏడు గంటలకొచ్చే ప్రభుత్వ టీవీ వార్తల మీద ఒక జోకుంది: మొదటి పది నిమిషాలు నాయకులు బిజీ, తర్వాతి పది నిమిషాలు జనం సుఖం, చివరి పది నిమిషాలు బయటి ప్రపంచం ఏడుపు. 2020 జూన్‌లో గల్వాన్‌లో మనవాళ్లు 20 మంది పోయారు. వాళ్లలో కర్నల్ సంతోష్ బాబు మా సూర్యాపేటవారే. ఊరంతా రోడ్ల మీదకొచ్చి ఏడుస్తున్న రోజుల్లో ఫోన్లో ఆ ఏడు గంటల బులెటిన్ పెట్టి కూర్చున్నాను. గల్వాన్ మాటే లేదు. తమ సైనికులు నలుగురు చనిపోయారని వాళ్ల సైన్యం పత్రిక బయటపెట్టింది ఎనిమిది నెలల తర్వాత, 2021 ఫిబ్రవరిలో. ఆ ఎనిమిది నెలలూ గ్లోబల్ టైమ్స్ ఇంగ్లిష్‌లో మనల్ని హెచ్చరిస్తూనే ఉంది, మన యాంకర్లు దానికి జవాబులు చెబుతూనే ఉన్నారు.

2025లో మళ్లీ గాలి తిరిగింది. ఏప్రిల్‌లో దౌత్య సంబంధాలకి 75 ఏళ్లు, ఆగస్టు చివర్లో షాంఘై సహకార సంస్థ సదస్సు కోసం తియాన్‌జిన్‌కి మోదీ, పత్రికల నిండా 'డ్రాగన్, ఏనుగు కలిసి నాట్యం.' అక్టోబరులో కలకత్తా నుంచి గ్వాంగ్‌ఝౌకి విమానం మొదలయ్యాక పాత క్లాస్‌మేట్ ఒక చైనా అమ్మాయి వీచాట్‌లో (వాళ్ల వాట్సాప్ లాంటిది) మెసేజ్ పెట్టింది, ఎప్పుడొస్తున్నావని. పేపర్లో చూశావా అని అడిగాను. పేపరెవరు చదువుతారు, టికెట్ల యాప్‌లో కనిపించింది అంది.