డిష్ పంచుకోవచ్చు, రీచార్జి పంచుకోలేం

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారు కువైట్‌లో ఉంటారు. కింద వాటాలో అత్తమామలు, మేడ మీద నేనూ పిల్లలూ. కింద టీవీకి నెలకు 350 రూపాయలు రీచార్జి చేయిస్తున్నాం. ఈమధ్య పైన కూడా టీవీ కొన్నాం. ఇంకో కనెక్షన్‌కి నెలకు మరో 350 అంటున్నారు. 150 రూపాయల స్ప్లిటర్ పెడితే ఉన్న డిష్‌తోనే రెండూ నడుస్తాయని పక్కింటి అబ్బాయి చెబుతున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ స్ప్లిటర్ మాత్రం కొనకండమ్మా. డిష్ ముందు కమ్మీ చివర బుడిపెలా ఉండేదే ఎల్‌ఎన్‌బీ. చానల్‌ని బట్టి మీ బాక్సు ఆ తీగలోంచే దానికి 13 వోల్టులో 18 వోల్టులో పంపుతుంది. 13 వస్తే నిలువు తరంగాలు అందుకుంటుంది, 18 వస్తే అడ్డ తరంగాలు. రెండూ ఒకే తీగ మీద ఒకేసారి ఇవ్వలేదు. రెండు బాక్సులు తగిలిస్తే 18 పంపినదాని మాటే చెల్లుతుంది. పైన పిల్లలు బొమ్మల చానల్ పెట్టగానే కింద అత్తయ్యగారి సీరియల్ మధ్యలో ‘నో సిగ్నల్’ పడొచ్చు. ఆ తగువు ఖరీదు నేను లెక్క కట్టలేను.

మీకు కావలసింది ట్విన్ ఎల్‌ఎన్‌బీ. దానికి రెండు మూతులుంటాయి, ఒక్కో బాక్సుకి విడిగా తీగ వెళుతుంది. డిష్ ఒక్కటే చాలు. ఖర్చు కూడా ఒక్కసారే.

అయితే దీంతో పంచుకునేది డిష్‌ని మాత్రమే. ప్రతి బాక్సుకీ దాని నంబరు, దాని ప్యాకు ఉంటాయి కనుక కింది రీచార్జితో పైన పే చానళ్లు రావు. అసలు ఖర్చు ఇక్కడే ఉంది. నెలకు 350 అంటే ఏడాదికి 4,200. ఆ రేటు మీకు కొత్త కస్టమర్ లెక్కన చెప్పి ఉంటారు. ఫోన్ చేసి, ఒకే ఇంట్లో ఒకే పేరు మీద రెండో టీవీ అని చెప్పి ‘మల్టీ టీవీ’ రేటు అడగండి. చానళ్ల ధర కాక కంపెనీ నెలనెలా తీసుకునే నెట్‌వర్క్ ఫీజు మీద ఉన్న 130 రూపాయల పరిమితిని టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది, కాబట్టి ఎంత తగ్గిస్తారన్నది కంపెనీని బట్టి ఉంటుంది. పైకి కూడా కింది ప్యాకే వేయనక్కర్లేదు, పిల్లలు చూసే నాలుగు చానళ్లు చాలు. ఉదాహరణకి 150కి దిగిందనుకోండి. మిగిలిన 200 పోస్టాఫీసు ఆర్డీలో వేస్తే 6.7 శాతం వడ్డీతో 60 నెలలకు సుమారు 14,270 అవుతుంది. ఆ ఖాతా మీ పేరు మీదే తెరవండి. కువైట్ నుంచి డబ్బు ఒక నెల ఆలస్యమైనా 200 కట్టడం పెద్ద కష్టం కాదు.

నన్నడిగితే పైన దూరదర్శన్ వాళ్ల ఉచిత సేవ డీడీ ఫ్రీ డిష్ పెట్టేస్తాను. బాక్సు ఒకసారి కొంటే చాలు, నెలనెలా రీచార్జి లేదు. సప్తగిరి, యాదగిరి వస్తాయి. పేరున్న తెలుగు సీరియళ్ల చానళ్లు చాలావరకు డబ్బు కట్టి చూసే పే చానళ్లే, వాటిని దీంట్లో ఆశించకండి. అవి కింద ఎలాగూ ఉన్నాయి కదా. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి. మీ కింది కనెక్షన్ సన్ డైరెక్ట్ అయితే ఆ డిష్ చూసేదీ అటే, ట్విన్ ఎల్‌ఎన్‌బీ రెండో మూతికి ఫ్రీ డిష్ బాక్సు తగిలించొచ్చు. వేరే కంపెనీదైతే చిన్న డిష్ ఇంకోటి కావాలి. అది మీ ఊళ్లో ఆగ్నేయం వైపు చూస్తుంది, అటు కొబ్బరి మట్టలు అడ్డం లేని చోటు చూసి బిగించమనండి.

రెండు టీవీల్లోనూ ఒకే చానల్ వచ్చినా ఫర్వాలేదంటారా? అప్పుడు ఒక్క బాక్సు చాలు, దాన్నుంచి వచ్చే బొమ్మని రెండు టీవీలకూ పంచే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో పనైపోతుంది (ఇది మీ పక్కింటి అబ్బాయి చెప్పిన స్ప్లిటర్ కాదు). కానీ చానల్ మార్చాలంటే ప్రతిసారీ మెట్లు దిగాలి. మీ ఇంట్లో వారం కూడా నడవదు.

పని చేయించేటప్పుడు తీగ చివర్ల దగ్గర కూర్చుని చూడండి. మీది సముద్రపు గాలి తగిలే చోటు. తీగ చివర బిగించే మర (కనెక్టర్) లోంచి బయటికొచ్చే రాగి కొస పచ్చబడితే సిగ్నల్ పడిపోతుంది. ఆ కొస కాస్త కత్తిరించి కొత్త మర బిగిస్తే సరిపోయేదానికి డిష్ మొత్తం మార్చాలనే వాళ్లున్నారు. ఆరుబయట మరలకి రబ్బరు తొడుగు వేయించి, పైన టేపు చుట్టించండి. తుపాన్ల రోజులు మొదలయ్యేలోపే ఆ పని కానివ్వండి.