మరమ్మతులు తడిసి మోపెడయ్యాయి... కొత్త వాషింగ్ మెషీన్ కొనాలా?

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది. ఇల్లు చేతికి వచ్చి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 78,000. గృహ రుణం వాయిదా 24,000, ఇంటి ఖర్చులు 38,000, పాప చదువు కోసం రికరింగ్ డిపాజిట్ 5,000 పోతాయి. ఆరేళ్ల కిందట 32,000 పెట్టి ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొన్నాం. ఏడాదిన్నరలో మూడుసార్లు పాడైంది. నీళ్లు బయటకు తోడే పంపుకు 2,800, తలుపు రబ్బరుకు 3,600, రెండు నెలల కిందట నీళ్లు లోపలికి వదిలే వాల్వుకు 1,900 అయింది. పన్నెండు రోజుల కిందట రాత్రి, మెషీన్ ఆపి ఉండగానే సబ్బు పెట్టే అర నుంచి నీళ్లు పొంగి, తెల్లవారేసరికి వంటగది, హాలు, పడకగది తడిసిపోయాయి. తెల్లవారుజామున లేచిన మా అత్తయ్య కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. పడకగదిలో గోడకు బిగించిన అలమర అడుగు ఉబ్బిపోయింది. బాగు చేయడానికి వడ్రంగి 38,000 అడుగుతున్నారు. కింది ఫ్లాట్ వారి హాలు ఫాల్స్ సీలింగ్ పాడైంది. వారు 45,000 ఇమ్మంటున్నారు. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మారిస్తే మెషీన్ నడుస్తుందని, 7,500 అవుతుందని మెకానిక్ చెప్పారు. ఆపదకని దాచిన 1,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది కదపకుండా బ్యాంకు ఇస్తానన్న 1,50,000 వ్యక్తిగత రుణం తీసుకుందామని మావారు అంటున్నారు. ఇప్పటికే 8,300 పెట్టిన మెషీన్‌ను వదిలేయడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు? – ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, అత్తయ్యగారికి దెబ్బ తగలలేదు. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అదే. మిగిలినవన్నీ డబ్బుతో సరిచేసుకోగలిగినవి.

మీరు మెషీన్ గురించి అడిగారు. నాకు మాత్రం ముందు తేదీలు కనబడుతున్నాయి. మీకు రెండు గడువులు దగ్గర పడుతున్నాయి, వాటి గురించి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మొదటిది బీమా. మీరు ఇంటి బీమా మాటే ఎత్తలేదు కాబట్టి లేదనుకుంటున్నారేమో. గృహ రుణం ఇచ్చే బ్యాంకులు చాలాసార్లు ఆస్తికి బీమా చేయిస్తాయి, ప్రీమియాన్ని రుణంలోనే కలిపేస్తాయి. సంతకాలు పెట్టే రోజు ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. నా దగ్గరకు వచ్చినవారిలో పాలసీ ఉందన్న సంగతే తెలియకుండా సొంత డబ్బుతో గోడలు బాగు చేయించుకున్న కుటుంబాలున్నాయి. ఇవాళే రుణ మంజూరు పత్రం తీసి చూడండి. లేకపోతే బ్యాంకు శాఖకు వెళ్లి అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇళ్లకు ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఇస్తున్నాయి. నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగిలినా పొంగినా ఇంటికి కలిగే నష్టం అందులో ఉంది. వాషింగ్ మెషీన్ ‘పరికరం’ కిందికి వస్తుందా రాదా అన్నది కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. ఫోనులో ఎవరో రాదన్నారని వదిలేయకండి. గోడకు బిగించిన అలమరను ఇంటి భాగంగా చూస్తారా, సామానుగా చూస్తారా అన్నదీ అడగండి. పాలసీలో సామాన్లకు రక్షణ లేకపోతే ఈ తేడా మీదే 38,000 ఆధారపడి ఉంటుంది.

నష్టాన్ని గమనించిన 30 రోజుల లోపు క్లెయిము పత్రం ఇవ్వాలి. పన్నెండు రోజులు గడిచాయి. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయరు వచ్చి చూసేదాకా అలమరను విప్పించకండి. ముక్క వాసన భరించలేకపోతే తలుపులు తీసి గాలి తగలనివ్వండి, ఫొటోలు తీయండి, అంతే. పాలసీ ఉన్నా చెడిపోయిన మెషీన్ ఖర్చు రాదు, కింది ఇంటివారి నష్టమూ రాదు. ఆ రెండింటినీ దీని మీద పెట్టుకోవద్దు.

రెండో గడువు బిల్డరుది. బట్టలు ఉతికే చోట, అంటే యుటిలిటీలో, నీళ్లు ఒలకడం కొత్త విషయం కాదు. గచ్చు వాలు సరిగ్గా ఉంటే నీళ్లు జాలీలోంచి పోవాలి. వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేసి ఉంటే కింది శ్లాబులోకి ఇంకకూడదు. మీ ఇంట్లో నీళ్లు వెనక్కి మళ్లి పడకగది దాకా వచ్చాయి, కిందికీ దిగాయి. జాలీలో చెత్త అడ్డుపడి ఉంటే అది మీ పొరపాటే. అలా కాకపోతే తప్పు గచ్చుది. ఇళ్లు కొన్నవారికి రక్షణ ఇచ్చే రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్ల లోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపాన్ని బిల్డరుకు తెలియజేస్తే, 30 రోజుల్లో ఆయన తన ఖర్చుతో సరిచేయాలి. మీకు మిగిలింది నాలుగు నెలలు. అపార్టుమెంట్ సంఘం వారిని పిలిచి, యుటిలిటీ గచ్చు వాలు ఎటుందో ఒక బకెట్టు నీళ్లు పోసి వీడియో తీయండి. బిల్డరుకు ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. మాటగా చెప్పినది ఆ నాలుగు నెలలూ గడిచాక ఎవరికీ గుర్తుండదు.

ఇక మెషీన్. మీ మనసు 8,300 దగ్గర ఆగిపోయింది. ఆ డబ్బు పోయింది. బోర్డు మార్చినా తిరిగి రాదు, కొత్తది కొన్నా తిరిగి రాదు. కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలేవి 7,500 మరమ్మతు, లేదా సుమారు 20,000కు వచ్చే మామూలు 7 కిలోల టాప్ లోడ్ మెషీన్. తేడా 12,500. ఇంతవరకే చూస్తే ఎవరైనా మరమ్మతే నయం అంటారు.

కానీ మీ నష్టం మెషీన్‌ది కాదు, నీళ్లది. ఆ ఒక్క రాత్రికి మీ అలమరకు 38,000, కింది ఇంటికి న్యాయంగా ఒక 25,000 అనుకుందాం, మొత్తం 63,000. ఇంకో రెండేళ్లలో ఇలాంటి రాత్రి మళ్లీ వచ్చే అవకాశం ఐదింట ఒక వంతు ఉందనుకుంటే, ఆ భారం విలువ 12,600. మీరు మరమ్మతుతో మిగిల్చుకునేదంతా అక్కడే పోయింది. ఏడాదిన్నరలో పంపు, రబ్బరు, వాల్వు, ఇప్పుడు బోర్డు, నాలుగు వేర్వేరు భాగాలు చెడిన మెషీన్‌కు ఆ అవకాశం ఐదింట ఒకటే అని నేను అనుకోవడం లేదు. మూడేళ్ల మెషీన్‌లో ఒక్క బోర్డే పోయి ఉంటే మార్పించమనే చెప్పేవాణ్ణి. దీన్ని మాత్రం వదిలేయండి.

వదిలేయండి అన్నాను కానీ, దుకాణం వారి ఎక్స్ఛేంజ్‌కు ఇప్పుడే ఇవ్వకండి. రెండు వేలు తగ్గిస్తామంటారు. ఆ రెండు వేల కోసం మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఇచ్చేసినట్టవుతుంది. ఎందుకంటే, నీళ్లు లోపలికి వదిలే వాల్వు మార్చి రెండు నెలలే అయింది. మెషీన్ ఆపి ఉన్నా నీళ్లు పొంగాయంటే సాధారణంగా ఆ వాల్వు మూసుకోకపోవడమే కారణం. మెకానిక్ బోర్డు అంటున్నారు. బోర్డుకు కరెంటు లేనప్పుడు అది వాల్వును తెరవలేదు కదా! ఆ రాత్రి స్విచ్చి గోడ దగ్గర కట్టేసి ఉందా, మెషీన్ మీట మాత్రమే ఆపారా అన్నది గుర్తు చేసుకోండి. దాన్నిబట్టి కథ మారుతుంది. సంబంధం లేని మరో మెకానిక్‌ను పిలిచి చూపించి, ఏది చెడిందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఆ 1,900 బిల్లు వెనుక మార్చిన భాగానికి ఎన్ని రోజుల హామీ ఉందో చూడండి.

వాల్వు దోషమే అని తేలితే ఆ సర్వీసు సెంటరుకు మొత్తం నష్టం వివరాలతో ఉత్తరం రాయండి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు, గడువు రెండేళ్లు, ఇంత చిన్న మొత్తానికి దాఖలు రుసుము ఉండదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నెలలు పడుతుంది. అందుకే ఆ డబ్బు వస్తుందని ఇప్పటి లెక్కలో వేసుకోవద్దు.

కింది ఇంటివారి విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. బిల్డరుది తప్పు, సర్వీసు సెంటరుది తప్పు అని వారిని తిప్పవద్దు. వారి ఇంట్లోకి వచ్చిన నీళ్లు మీ ఇంటివి. మీరిద్దరూ కలిసి వెళ్లి, బాగు చేయించే బాధ్యత మాది అని ముందు చెప్పండి. ఆ తర్వాత 45,000 దేనికో అడగండి. పాడైన జిప్సం పలకలు మార్చి, ఆ భాగానికి రంగు వేయడం మీ బాధ్యత. హాలంతా కొత్త రంగు కాదు. డబ్బు చేతిలో పెట్టేకన్నా మనిషిని పెట్టి పని చేయించి ఇవ్వడం మేలు, 20,000 నుంచి 25,000 మధ్య ముగియవచ్చని నా అంచనా. తొందర మాత్రం పడవద్దు. శ్లాబులో తడి ఉండగా పలకలు బిగించి రంగు వేస్తే రెండు నెలల్లో మళ్లీ మచ్చలు తేలతాయి, మళ్లీ మీ తలుపే తడతారు. బాగా ఆరాక చేయిద్దామని, అందాకా ఒక 5,000 ముందుగా ఇస్తామని చెప్పి రసీదు తీసుకోండి. పని పూర్తయ్యాక ఇక ఏమీ బాకీ లేదని రెండు వాక్యాలు రాయించుకోండి. ఇరుగుపొరుగు మధ్య కాగితాలెందుకు అనిపిస్తుంది. మంచిగా ఉన్న రోజున రాసుకున్న కాగితమే ఆ మంచిని నిలబెడుతుంది.

రుణం వద్దు. 1,50,000 మూడేళ్లకు 14 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు సుమారు 5,130 కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 34,500 దాటుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ముందుగా తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతమో ఒక శాతమో తగ్గిస్తాయి. మీ మొత్తం మీద ఏడాదికి 1,400 మించదు. మీవారికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి. ఆయన భయం నాకు అర్థమవుతుంది, దాచిన డబ్బు తీస్తే చేతులు ఖాళీ అవుతాయని. కానీ అత్తయ్యగారు జారి, కింది ఇంటి సీలింగ్ పాడైన రోజు ఆపద కాకపోతే ఆ డబ్బు మరే రోజు కోసం దాచినట్టు? దుకాణాల్లో ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటారు. సున్నా వడ్డీ అన్నది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఒకేసారి డబ్బిస్తే ఎంత తగ్గిస్తారో అడగండి, వడ్డీ ఎక్కడ దాగిందో తెలుస్తుంది.

మెషీన్‌కు 20,000, కింది ఇంటికి 25,000, కలిపి 45,000 డిపాజిట్ నుంచి తీయండి. మిగిలే 95,000ను ఒకే డిపాజిట్‌గా వేయకుండా మూడు ముక్కలు చేయండి, ఈసారి అవసరమైతే ఒక ముక్కే కదులుతుంది. మీ లెక్క ప్రకారం అన్నీ పోను నెలకు 11,000 మిగలాలి. అది నిజంగా మిగులుతుంటే నాలుగైదు నెలల్లో డిపాజిట్ మళ్లీ నిండుతుంది. పాప రికరింగ్ డిపాజిట్ జోలికి వెళ్లవద్దు. అలమర ఆగుతుంది. బీమా ఉంటే వారు చెప్పినట్టు, లేకపోతే ఉబ్బిన అడుగు పలక, దాని కింది పీఠం మాత్రమే మార్పించండి, ఈసారి నీళ్లకు ఓర్చే ప్లైవుడ్‌తో. మొత్తం అలమర విప్పాలన్న 38,000 మాటను ఇంకో వడ్రంగికి చూపించకుండా ఒప్పుకోకండి.

పాలసీ లేదని తేలితే ఈ నష్టానికి ఇప్పుడు బీమా దొరకదు. అయినా ఈ నెలలోనే ఇంటికీ సామాన్లకూ కలిపి తీసుకోండి. ప్రీమియం నెలకు లెక్కేస్తే కొన్ని వందల రూపాయలకు మించదు.

కొత్త మెషీన్ ఇంటికి రాకముందే ఇంకొక చిన్న పని ఉంది. మీ కొళాయి మెషీన్ వెనుక, చెయ్యి దూరని చోట ఉండి ఉంటుంది, చాలా ఫ్లాట్లలో అంతే. అందుకే ఎవరూ కట్టరు. కొళాయి తెరిచి ఉన్నంతసేపూ పై ట్యాంకు ఒత్తిడంతా రాత్రింబవళ్లు ఆ సన్నని పైపు మీద, వాల్వు మీద ఉంటుంది. ప్లంబరును పిలిచి, ఆ కొళాయిని మెషీన్ పక్కకు, నడుము ఎత్తుకు మార్పించండి. కొన్ని వందల రూపాయల పని. తిప్పి తిప్పి కట్టేది కాకుండా, ఒక్కసారి అడ్డంగా తిప్పితే ఆగిపోయే పిడి ఉన్నది పెట్టించండి. మీరిద్దరూ బడికీ ఆఫీసుకూ వెళ్లాక ఇంట్లో ఉండేది అత్తయ్యగారే కదా, ఆమె వంగకుండా అందుకోగలరో లేదో ఆమెనే నిలబెట్టి చూసి, ఆ ఎత్తున గోడ మీద గుర్తు పెట్టించండి.