పాత ఫ్లాటులో గోడలు పగలగొట్టకుండా, ఆరు వేలలోపు లాన్ కేబుల్ వేయించుకోవచ్చా?

మీరు చెప్పింది ఇదీ: మియాపూర్‌లో పదిహేనేళ్ల నాటి త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్. రౌటర్ హాల్లో ఉంది, చివరి బెడ్‌రూమ్‌లో ఆఫీసు కాల్స్ తెగిపోతున్నాయి. గోడలకి గాడి కొట్టి పైపు వేయడానికి ఎలక్ట్రీషియన్ పాతిక వేలు అడిగాడు. మీ చేతిలో ఉన్నది ఆరు వేలు. క్యాట్ 7 రకం లాన్ కేబుల్ (రౌటర్ నుంచి ఇంటర్నెట్ మోసే వైరు) తీసుకోవాలా, లేక మెష్ రౌటర్లు (ఇల్లంతా వైఫై అందించే రౌటర్ల సెట్టు) కొనాలా అని అడిగారు.

రెండూ వద్దు. గోడలు కూడా పగలగొట్టక్కర్లేదు. మాది మల్కాజిగిరిలో ఇంచుమించు అదే కాలం నాటి ఫ్లాటు, పైపు అప్పటికే గోడలో ఉంది. మీ ఇంట్లోనూ ఉండే అవకాశం చాలా ఎక్కువ.

ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని టీవీ పాయింటు ప్లేటు విప్పండి. ఆ రోజుల్లో బిల్డర్లు టీవీ కేబుల్‌కీ, ల్యాండ్‌లైన్ ఫోన్‌కీ కరెంటు పైపుతో సంబంధం లేకుండా వేరే పైపు వేసేవాళ్లు, హాలుకీ మాస్టర్ బెడ్‌రూమ్‌కీ అయితే దాదాపు తప్పకుండా. లోపల లావుపాటి టీవీ వైరు, పక్కన సన్నటి ఫోన్ వైరు కనిపిస్తాయి. ల్యాండ్‌లైన్ తీసేశాక ఆ ఫోన్ వైరు సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆ పైపే మీ దారి. ఒక చివర వైరు పట్టుకుని మెల్లగా ఆడించండి, ఇంకొకరు మిగతా గదుల్లో ఏ ప్లేటు వెనక కదులుతోందో చూడాలి. చాలా ఫ్లాట్లలో టీవీ వైర్లు నేరుగా ఒక గదినుంచి ఇంకో గదికి పోవు, మెయిన్ డోర్ పైన ఉన్న జంక్షన్ బాక్సులో కలుస్తాయి. అలా ఉన్నా మంచిదే, అక్కడ తుంచకుండా ఒకే కేబుల్‌ని ఆ బాక్సు గుండా తిప్పి రెండో పైపులోకి పంపండి. లాన్ కేబుల్‌ని మధ్యలో కోసి కరెంటు వైరులా మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

లాగే పద్ధతి: ఎవరూ వాడని పాత టీవీ వైరునే తాడుగా వాడుకోవాలి. కొత్త కేబుల్ పై తొడుగు జానెడు ఒలిచి, లోపలి రంగు వైర్లని టీవీ వైరు చివర చుట్టి, మీద ఇన్సులేషన్ టేపు గట్టిగా, మొన సన్నగా వచ్చేలా చుట్టండి. ముడి లావుగా ఉంటే మొదటి మలుపులోనే ఇరుక్కుంటుంది. కేబుల్‌కి టాల్కం పౌడర్ రాయండి. ఒకరు లాగుతుంటే రెండో వైపు ఇంకొకరు కేబుల్ నలగకుండా లోపలికి అందించాలి. ఆగితే గుంజొద్దు. ఒక అడుగు వెనక్కి తీసి మళ్లీ పంపితే చాలాసార్లు దాటిపోతుంది. బలంగా లాగితే లోపల రెండేసి చొప్పున మెలిపెట్టి ఉన్న వైర్ల జతల మెలికలు సాగి, బయటికి బాగానే కనిపించే కేబుల్ స్పీడు పోగొట్టుకుంటుంది. దాంతోపాటే ఒక నైలాన్ దారం కూడా లాగి వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ అవసరమైతే అది పనికొస్తుంది. పైపు ఖాళీగా ఉంటే ఎలక్ట్రీషియన్ దగ్గరుండే స్ప్రింగ్ పంపి లాగాలి.

మీ ఎలక్ట్రీషియన్ "కరెంటు పైపులోనే వేసేద్దాం సార్, ఏం కాదు" అంటాడు. ఒప్పుకోకండి. 230 వోల్టుల వైరు పక్కన ఉండడానికి తగ్గ ఇన్సులేషన్ లాన్ కేబుల్‌కి ఉండదు. లాగేటప్పుడు ఎక్కడో కరెంటు వైరు గీసుకుపోతే ఆ కరెంటు నేరుగా మీ లాప్‌టాప్ దాకా వస్తుంది. పక్కపక్కన పోవాల్సి వస్తే జానెడు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

ఇక కేబుల్. క్యాట్ 7 మాట మర్చిపోండి. అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం టీఐఏ ప్రమాణాల్లో ఆ పేరుతో కేటగిరీయే లేదు, దాని అసలు కనెక్టర్లు కూడా వేరు. మామూలు ఆర్‌జే 45 (లాప్‌టాప్ లాన్ పోర్టులో పట్టే ప్లగ్గు) తగిలించి అమ్మేదానికి పేరు ఒక్కటే పెద్దది. క్యాట్ 5ఈ కూడా 100 మీటర్ల దాకా ఒక గిగాబిట్ (సెకనుకి వెయ్యి మెగాబిట్ల) వేగం మోస్తుంది. 2016లో వచ్చిన 2.5 గిగాబిట్ ప్రమాణాన్ని తయారుచేసిందే ఆ పాత కేబుళ్ల మీద నడవాలని. క్యాట్ 6 అయితే 55 మీటర్ల దాకా 10 గిగాబిట్ వెళ్తుంది. మీ ఫ్లాటులో ఏ గదికైనా ఇరవై పాతిక మీటర్లు దాటదు. పైపులో చోటుంటే క్యాట్ 6 వేయండి. క్యాట్ 6 లోపల చాలావాటిలో ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది, కాస్త లావు, వంగడానికి మొరాయిస్తుంది. పైపు ఇరుకుగా ఉంటే క్యాట్ 5ఈ వేసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

నంబరు కంటే ముఖ్యమైనది రాగి. చవగ్గా దొరికే కేబుళ్లలో సీసీఏ రకం ఎక్కువ, అంటే అల్యూమినియం తీగ మీద రాగి పూత. చూడ్డానికి ఎర్రగానే ఉంటుంది. చాకుతో గీరితే తెల్లగా మెరుస్తుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. రేపు ఆ కేబుల్ మీదనే కెమెరాకి కరెంటు కూడా పంపాలనుకుంటే అది వేడెక్కుతుంది. షాపులో ముక్క అడిగి గీరి చూడండి, మొహమాటపడొద్దు. గోడలోకి సింగిల్ తీగ ఉన్న సాలిడ్ రకం కావాలి, సన్న పోగుల రకం ప్యాచ్ కార్డులకే, అంటే గోడ నుంచి లాప్‌టాప్‌కో రౌటర్‌కో పెట్టే చిన్న కేబుళ్లకే.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లండి, ప్యారడైజ్ మెట్రో స్టేషన్ నుంచి నడక దూరమే. 305 మీటర్ల డబ్బా కొనక్కర్లేదు, మంచి కంపెనీది మీటర్ల లెక్కన కోసి ఇచ్చే షాపులున్నాయి. రెండు గదులకి 40 మీటర్లు అనుకుందాం. మీటరు 30 చొప్పున 1,200. నాలుగు చోట్ల ఐఓ జాక్ (గోడలో లాన్ ప్లగ్గు గుచ్చే సాకెట్), ప్లేటు, బాక్సు కలిపి 300 చొప్పున ఇంకో 1,200. మూడు ప్యాచ్ కార్డులు 450, జాక్‌లోకి వైర్లు నొక్కే పంచ్ టూలూ చిన్న టెస్టరూ 600. సాయానికి వచ్చిన మనిషికి వెయ్యి. మొత్తం 4,450. ధరలు కాస్త అటూ ఇటూ ఉంటాయి గానీ ఆరు వేలు దాటవు.

గోడ దగ్గర చివర్లకి ప్లగ్గు నొక్కి బిగించి (క్రింప్) పెట్టకండి, జాక్ పెట్టించండి. వైర్లు పదేపదే కదిలేది ప్యాచ్ కార్డు దగ్గరే కాబట్టి గోడలోది చెక్కు చెదరదు. జాక్ మీద రంగులు అచ్చువేసి ఉంటాయి, రెండు చివర్లా "బి" వరసే పాటించండి: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొందరు టెక్నీషియన్లు జతలన్నీ వరసగా, నీలం జత కలిసే ఉండేలా పెట్టి "రెండు వైపులా ఒకేలా ఉంది కదా" అంటారు. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి, అయినా గిగాబిట్ నిలబడదు. 3, 6 నంబర్లు ఒకే జతలోవి అయ్యుండాలి, చవక టెస్టర్ ఆ తేడా పట్టుకోలేదు. మెలిక విప్పడం కూడా అర అంగుళం మించొద్దు.

పని అయ్యాక స్పీడ్ టెస్ట్ పెట్టండి. మీ ప్లాన్ 200 మెగాబిట్లది అయినా సరిగ్గా 94 దగ్గర ఆగిపోతుంటే లింకు 100 మెగాబిట్‌కి పడిపోయిందని అర్థం. 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగూ కావాలి. జాక్‌లో ఒక వైరు సరిగ్గా కూర్చోకపోయినా, ప్యాచ్ కార్డు నాలుగు వైర్లదే అయినా ఇలాగే ఉంటుంది. అన్నీ బాగున్నా 94 దాటకపోతే ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన ఫైబర్ బాక్సు పోర్టు చూడండి, కొన్ని పాత బాక్సుల్లో పోర్టులే 100వి.

చివరి బెడ్‌రూమ్‌లో లాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టి, ఫోన్లకి వైఫై కోసం మీ పాత రౌటర్‌నే వాడుకోండి. సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే దాని డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే సెట్టింగు) ఆపేసి, దాని ఐపీ అడ్రసు హాల్లో రౌటర్‌ది కాకుండా మార్చి, కేబుల్‌ని లాన్ పోర్టులో గుచ్చండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ హాల్లో ఉన్నవే పెట్టండి, ఛానల్ మాత్రం వేరేది. రెండు మూడు వేలకి దొరికే, ఇంట్లో కరెంటు వైర్ల మీదనే ఇంటర్నెట్ పంపే అడాప్టర్ల జోలికి వెళ్లకండి. త్రీ ఫేజ్ మీటరు ఉన్న ఇళ్లలో హాలు ఒక ఫేజు, బెడ్‌రూమ్ ఇంకో ఫేజు అయితే అవి సరిగ్గా పనిచేయవు.

పైపు ఎక్కడో సిమెంటుతో మూసుకుపోయి ఉంటే స్కర్టింగ్ మీదుగా తెల్ల కేసింగ్ పట్టీ వేయండి, గది దాటడానికి ఏసీ పైపుల కోసం కొట్టిన రంధ్రం వాడుకోవచ్చు. కొత్త రంధ్రం తప్పకపోతే ఇటుక గోడలోనే, బీముకీ పిల్లర్‌కీ డ్రిల్లు పెట్టొద్దు. బాల్కనీ బయటినుంచి పోతే ఎండకి తట్టుకునే నల్ల తొడుగు కేబుల్ కావాలి. టెర్రస్ మీదుగా ఇంకో బ్లాకుకి మాత్రం రాగి వద్దు, వానాకాలం పిడుగులకి నెట్‌వర్క్ స్విచ్చు (లాన్ కేబుళ్లు కలిపే పెట్టె) పోర్టులు పోతాయి.

ఫైబర్ బాక్సు, రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైను మీదే ఉన్నాయో లేదో చూసుకోండి. బెడ్‌రూమ్‌లో పెట్టే పాత రౌటర్‌ని కూడా ఆ లైను పాయింటుకే తగిలించండి. ప్లేటు విప్పాక లోపలి పైపుల ఫోటో పెడితే ఏది ఎటు పోతుందో నేనూ చూసి చెప్తాను.